లోపలి బెణుకు ఒంటరిగా రాదు

మొన్న మా వీధిలో ఫిజియోథెరపీ చదివే అమ్మాయి వచ్చి, "తాతా, చీలమండ బెణికితే మీ కాలంలో ఎట్ల కనుక్కునేవాళ్ళు?" అని అడిగింది.

"వేలితో," అన్నాను.

నవ్వింది. నవ్వదా మరి! ఇప్పుడు యంత్రంలోకి కాలు తోస్తే లోపలి పోగులన్నీ కనబడతాయంట. మంచిదే. కానీ ఏ కాలిని యంత్రం దగ్గరికి పంపాలో, ఎక్కడిదాకా ఫొటో తియ్యాలో చెప్పేది ఇప్పటికీ ఒక మనిషి వేలే. ఆ వేలు బద్ధకిస్తే ఏమవుతుందో నాకు తెలుసు, బద్ధకించినవాణ్ణి నేనే కాబట్టి. ఆ అమ్మాయికి చెప్పింది, ఆమెతో చదివే మీకూ చెబుతాను. మీరూ రేపు ఎవరి కాలో పట్టుకునేవాళ్ళే.

నేను డాక్టర్ని కాను. మదనపల్లెలో ఒక ఆసుపత్రిలో స్ట్రెచర్ తోసేవాడిగా చేరి, ప్లాస్టర్ గదిలో కట్లు కట్టేవాడిగా దిగిపోయాను. అంతకు ముందు ఇరవై రెండేళ్ళు వచ్చేదాకా మా నాయన వెనకాల గొర్రెలు కాశాను. బడి మెట్టు ఎక్కలేదు. ప్లాస్టర్ గది ఇన్‌ఛార్జి సిస్టరమ్మ నాకు ముప్పై నాలుగో ఏట అక్షరాలు నేర్పింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక, ప్లాస్టర్ పొడి చల్లిన బల్ల మీద వేలితో దిద్దించేది. తప్పు రాస్తే చేత్తో చెరిపేసి, "దేవుడు కూడా ఇట్లే చెరిపేస్తాడు, మళ్ళీ రాయి" అనేది. ఆమె ప్రార్థన చేసేటప్పుడు ఎంత మెత్తగా ఉండేదో, పని దగ్గర అంత కచ్చితంగా ఉండేది.

రాయడం వచ్చాక నా గర్వం అంతా ఇంతా కాదు. రోగి కార్డు మీద ఎక్కడ వాపు, ఎక్కడ నొప్పి అని నేనే రాసేవాణ్ణి. డాక్టరు గారు ఆ కార్డు చూసి మాట్లాడేవారు. ఎముకల డాక్టరు. సన్నగా, పొడుగ్గా, తక్కువ మాటలతో ఉండేవారు. "నీ కార్డు చూస్తే సగం రోగిని చూసినట్టే" అని ఒకసారి అన్నారు. ఆ మాట మా ఇంటామెకు ఎన్నిసార్లు చెప్పానంటే, చివరికి ఆమె, "మిగిలిన సగం కూడా నువ్వే సూడు, ఆసుపత్రికి ఆయప్ప జీతం మిగులుతాది" అంది.

ప్రతి బుధవారం వ్యానులో పుంగనూరు పోయేవాళ్ళం. అక్కడ రోగులను చూడడానికి ఒక సత్రంలో రెండు గదులు ఇచ్చేవాళ్ళు. డాక్టరు గారు ఒక గది, నేనూ సిస్టరమ్మా ఇంకో గది. మా డ్రైవరు టమేటా మండీ ముందర లారీల మధ్య ఇరుక్కున్నప్పుడల్లా, "ఈ వ్యాను కన్నా పుంగనూరు ఆవు బిరీన పోతాది సార్" అనేవాడు. డాక్టరు గారు నవ్వేవారు కాదు. వాడు వచ్చే బుధవారం మళ్ళీ అదే మాట అనేవాడు. ఆ వ్యానులో తడిసిన గాజుగుడ్డ వాసన, మధ్యదారిలో తాగే అల్లం టీ, సిస్టరమ్మ స్టీలు డబ్బాలోని రాగి ఉండలు... జీతం తీసుకున్న రోజులకన్నా ఆ బుధవారాలే నాకు ఎక్కువ గుర్తున్నాయి.

డాక్టరు గారు మాకొక పద్ధతి పెట్టారు. చీలమండ బయటి వైపు బెణికితే పెద్దగా కంగారు పడక్కర్లేదు. కాలు లోపలికి మడత పడిన ప్రతివాడికీ వచ్చేదే అది. లోపలి వైపు నొప్పి అంటే మాత్రం నమ్మొద్దు అనేవారు. లోపలి బొడిపె కింద ఎముకనూ ఎముకనూ కట్టి ఉంచే లిగమెంటు విసనకర్రలాగ పరుచుకుని చాలా గట్టిగా ఉంటుంది. అంత తేలిగ్గా తెగదు.

"గట్టి పగ్గం తెగిందంటే ఏం చూస్తావు?" అని నన్నే అడిగారు. నా పుట్టుక తెలిసే అడిగారు.

"గుంజ కదిలిందేమో చూస్తాను సార్."

"అంతే. ఆ గుంజ ఎక్కడో పైన ఉంటుంది. మోకాలి కిందిదాకా నొక్కుకుంటూ పో."

అసలు సంగతి ఇదే. పాదం ఒకచోట ఇరుక్కుని, ఒళ్ళు ఇంకో వైపు తిరిగితే, లోపలి పట్టు తెగుతుంది. ఆ మెలి పిక్క లోపల పైకి పాకి, బయటి వైపున్న సన్న ఎముకను మోకాలికి కాస్త కింద విరిచేస్తుంది. రోగికి చీలమండ నొప్పి ముందు ఆ పై నొప్పి తెలియదు. చీలమండకు మాత్రమే ఫొటో తీస్తే విరిగిన చోటు అందులో పడనే పడదు. ఆ సన్న ఎముక విరిగినా మనిషి కుంటుతూ నడుస్తాడు. నడుస్తున్నాడు కదా అని పంపేస్తే, కీలు లోపల సందు విడిపోయి, ఆ కాలు ఇక జన్మలో కుదురుగా నిలబడదు.

ఇదంతా నాకు తెలుసు. తెలిసే చేశాను.

ఆ బుధవారం పుంగనూరులో జనం మెట్ల మీదికి వచ్చేశారు. గొర్రెలు కాసుకునే ఒకామె మొగుడి భుజం పట్టుకుని కుంటుతూ వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. కాలికి కడియం. వాపులో కడియం కూరుకుపోయింది. నేను సబ్బునీళ్ళు పోసి, దారం చుట్టి, కోయకుండానే ఆ కడియం తీశాను. ఆ పనిలో నాకు పేరుంది. అందరూ "ఓహో" అన్నారు. ఆ ఓహోతోనే నా తల తిరిగింది.

"ఎట్ల పడితివమ్మా?"

"కాలవ దాటతా ఉంటి. సంకలో గొర్రెపిల్ల. రాళ్ళ సందులో కాలు ఇరుక్కునె. పిల్ల ఎగిరె, నేను తిరిగితి."

"పిల్ల బాగుండాదా?"

"దానికేం, గంతులేస్తాండాది. నా కాలే ఇట్లయె."

వేలితో నొక్కాను. బయటి వైపు ఏమీ లేదు. లోపలి బొడిపె మీద కొంచెం. బొడిపె కింద వేలు పెట్టగానే పళ్ళు బిగించింది. అంటే లోపలి బెణుకు. ఇక చీర అంచు ఎత్తి, పిక్క దాటి, మోకాలి కిందిదాకా నొక్కాలి. ఆడవాళ్ళయితే ఆ పని సిస్టరమ్మ చేస్తుంది. అది మా పద్ధతి. సిస్టరమ్మ అవతలి బల్ల దగ్గర ఒక ముసలాయన చెయ్యి సరిచేస్తూ ఉంది. "సిస్టర్, ఒక్క నిమిషం" అంటే వచ్చేది. నేను పిలవలేదు. వెనక ఇంకా నలభై మంది. ఎదురుగా మొగుడు. పరాయి ఆడమనిషి పిక్క దాకా ఎందుకులే అనుకున్నాను. దానికి మర్యాద అని పేరు పెట్టుకున్నాను. అది మర్యాద కాదు, బద్ధకం.

అంతటితో ఆగినా బాగుండేది. కార్డు మీద "లోపలి వైపు నొప్పి, వాపు" అని రాసి, దాని కింద "మోకాలి వరకు నొక్కి చూడగా నొప్పి లేదు" అని కూడా రాశాను. గుండ్రటి అక్షరాలతో, అందంగా.

డాక్టరు గారు చీలమండ చూశారు. కార్డు చూశారు. "పైన లేదు కదా?" అన్నారు.

"లేదు సార్."

"అయితే లోపలి బెణుకే. కట్టు కట్టు. కాలు కింద పెట్టొద్దని చెప్పు. పది రోజులకి మదనపల్లె వచ్చి ఫొటో తీయించుకోమను."

కట్టు కడుతుంటే ఆమె అంది: "వచ్చే వారం కుప్పం పక్క పోతాండాము కదప్పా, మంద కట్టేదానికి. కాలు కింద పెట్టకుండా ఎట్ల పోయేది?" కోత అయిపోయిన చేలల్లో గొర్రెలను వల లోపల నిలిపితే చేనుకు ఎరువు, గొర్లవాళ్ళకు గింజలు. చేను నుంచి చేనుకు నడుచుకుంటూ పోవడమే వాళ్ళ బతుకు. మా నాయనా అదే చేశాడు.

"బెణుకేలేమ్మా. గట్టిగా కట్టినా. మూడు వారాల్లో పొట్టేలును తరుముకుంటూ పోతావు," అన్నాను.

ఆమె నవ్వి పోయింది.

పది రోజులు దాటినా ఆమె రాలేదు. పదకొండో రోజు మదనపల్లెలో ఒక మోటారు మెకానిక్ వచ్చాడు. బండి జారి పడ్డాడు. లోపలి వైపు నొప్పి, చీలమండ ఫొటోలో పెద్దగా ఏమీ లేదు. డాక్టరు గారు మాటల్లో పెట్టి, అతని మోకాలి కింద బయటి వైపు బొటనవేలితో నొక్కారు. అతను బల్ల మీదనుంచి లేచి కూర్చున్నాడు. కాలు పొడుగునా ఫొటో తీస్తే, పైన ఎముక ముల్లంగి విరిగినట్టు విరిగి ఉంది.

డాక్టరు గారు అక్కడున్న ట్రైనింగ్ పిల్లలతో, "చూశారా, లోపలి బెణుకు ఒంటరిగా రావడం అరుదు. ఇప్పుడు వచ్చాడు కాబట్టి స్క్రూ వేసి బిగిస్తాం. రెండు మూడు వారాలు దాటి వచ్చుంటే ఏం చేసినా కాలు మునుపటిలా కాదు" అన్నారు.

నా చేతిలో తడి ప్లాస్టర్ చుట్ట ఉంది. అది చేతిలోనే గట్టిపడిపోయింది.

కార్డుల పెట్టె దగ్గరికి పోయి ఆమె కార్డు తీశాను. ఫోను నెంబరు రాసే చోట ఖాళీ. నా అక్షరాలు మాత్రం చక్కగా ఉన్నాయి. ఆ సాయంత్రమే సిస్టరమ్మ దగ్గరికి పోయి, "కడుపునొప్పిగా ఉంది సిస్టర్, రెండు రోజులు సెలవు కావాలి" అన్నాను. ఒక అబద్ధాన్ని కప్పడానికి ఇంకోటి.

ఆమె రెండు మాత్రలు తీసి నా అరచేతిలో పెట్టింది. తర్వాత అడిగింది: "గొర్లామె కార్డు యాల తీసినావు?"

మాత్రలు జేబులో వేసుకున్నాను.

"ఆ పొద్దు నన్ను పిలిచినట్టు నాకు గుర్తులేదే!"

"పిలవలేదు సిస్టర్."

"మరి నొక్కి చూసినట్టు రాసినావు."

"రాసినాను."

సిస్టరమ్మ మాత్రల డబ్బా మూసింది. "నీకు అక్షరాలు నేర్పింది ఇందుకేనా అని అడగల్ల. అడగను. పోయి ఆమెను పట్టుకురా. డాక్టరు గారికి నేను చెప్పను. నువ్వే చెప్పుకో. సెలవు చీటీలో కడుపునొప్పి అని రాయొద్దు."

పొద్దున్నే బస్సెక్కాను. పుంగనూరు, పలమనేరు దాటి కుప్పం చేరేసరికి మధ్యాహ్నం. కుప్పం అంటే మూడు రాష్ట్రాలు కలిసే చోటు. టీ అంగడాయన కన్నడంలో మొదలుపెట్టి, తమిళంలో కోప్పడి, తెలుగులో దారి చెబుతాడు.

"మందలా? నాలుగు మందలు ఉండాయి. ఏ మంద కావల్ల నీకు?"

"పుంగనూరు పక్క నుంచి వచ్చినోళ్ళు. ఆడమనిషి కుంటతా ఉంటాది."

"కుంటతా ఉండేది గొర్రెనా, మనిషా? సరిగ్గా చెప్పు సామీ!" అని నవ్వి, ఆయనే అటూ ఇటూ కేకేసి కనుక్కున్నాడు. ఒక రైతు, "అయ్యో, వాళ్ళు మా చేలోంచి నిన్ననే లేసి పోయినారు. ఆయమ్మ కట్టె ఊతంతో నడిచె. పాపం, ఇంత లావు కాలు!" అన్నాడు. తన రెండు చేతుల మధ్య ఆయన చూపించిన లావు చూసి, వాళ్ళు పోయిన దారి అడిగి నడిచాను.

ఆ రోజు దొరకలేదు. మరుసటి రోజు పొద్దున మల్బరీ తోటల అవతల, వేరుశనగ పీకేసిన చేలో దొరికారు. ఆమె ఒక రాయి మీద కూర్చుని కాలు ఇంకో రాయి మీద పెట్టుకుని సంగటి కెలుకుతూ ఉంది. నేను కట్టిన కట్టు ఎప్పుడో విప్పేశారు. ఏదో ఆకు నూరి కట్టుకుంది.

మొగుడు నన్ను గుర్తుపట్టాడు. "ఓయబ్బో! డాక్టరు చేల్లోకి వచ్చినాడే! గొర్రెలకు సూది ఏస్తావా అప్పా?"

"కాలు చూడాలని వచ్చినాను."

"సూసినావు కదా ఆ పొద్దు. బెణుకంటివి కదా!"

"ఆ పొద్దు పూర్తిగా చూడలేదు. మోకాలి కింద నొక్కి చూడల్ల. నేను నొక్కలేదు. నొక్కినట్టు రాసినాను."

ఆమె గరిటె ఆపింది. నేను వాళ్ళ ముందర నేల మీద కూర్చుని ప్యాంటు పైకి లాగాను. నా కాలి మీదే చూపించాను. "ఇదిగోమ్మా, మోకాలి కింద బయటి పక్క ఈ గుండు ఉండాది కదా, దీని కింద నాలుగు వేళ్ళు. నీ చేత్తో నువ్వే నొక్కు. చీర మీదనే నొక్కు."

ఆమె నొక్కింది. నొక్కిన చెయ్యి తీసి నోటికి అడ్డం పెట్టుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఈడ నొప్పుందని నాకే తెలీదే! ఎప్పటినుంచి ఉండాదప్పా ఇది?"

"కాలవలో కాలు ఇరుక్కుని ఒళ్ళు తిరిగె కదా, అప్పటినుంచి. ఎముక విరిగింది తల్లీ. ఇంకో వారం పోతే ఏం చేసినా కుదరదు. ఈ పొద్దే పోవల్ల."

మొగుడికి అప్పుడొచ్చింది కోపం. రావాలి కూడా. "విరిగిన కాలితో దాన్ని కుప్పం దాకా నడిపిస్తినా! బెణుకే, బెణుకే అని నువ్వు చెప్తే కదా నడిపిస్తి! నా పెండ్లాం నొప్పి నొప్పి అంటే, ఊరికే యాక్షన్ చేస్తాండావే అని తిడితి కదా దాన్ని! ఆ తిట్లు ఎవురు ఎనక్కి తీసుకునేది?"

నేను ప్యాంటు కిందికి దించుకుని లేచాను.

ఆమే అంది: "అరిస్తే ఎముక అతుక్కుంటాదా? పోయేదెట్ల చెప్పు. ఈ రైతుకు ఇంకా మూడు రోజులు మాటిచ్చినాము. జతగా వచ్చినోళ్ళు ముందు ఊరికి పోయినారు. గొర్రెలనెవురు సూసేది?"

"నేను చూస్తాను," అన్నాను.

ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. "ప్యాంటేసుకుని? నువ్వా?"

దగ్గర్లో ఉన్న పొట్టేలును పట్టి, మోకాళ్ళ మధ్య అదిమి, పెదవి ఎత్తాను. "రెండు పండ్లది. పోయిన ఏడాది పుట్టినది. ముందర ఎడమ గిట్టలో ఏదో ఉండాది, దాని నడక చూస్తే తెలుస్తాంది." గిట్ట ఎత్తి చూస్తే తుమ్మముల్లు. పీకి ఆయన చేతిలో పెట్టాను.

ఆయన ఆ ముల్లును చూసి, నన్ను చూసి అన్నాడు: "గొర్రెకైతే నాలుగు కాళ్ళూ సూస్తావు."

ఆ దెబ్బకు తల వంచుకున్నాను. ఆ చేను రైతు ఆటో పిలిపించాడు. నేను నా సంచిలోని కాగితం తీసి డాక్టరు గారికి నాలుగు ముక్కలు రాశాను: కార్డు మీద నేను రాసింది అబద్ధం, నేను నొక్కలేదు, ఆమె నొక్కుకుంటే నొప్పి వచ్చింది, తప్పు నాది. ఆ ఉత్తరం పట్టుకుని వాళ్ళు పోయారు.

మరుసటి రోజు నా ఫోన్ మోగింది. డాక్టరు గారు. నేను వలకు మేకు కొడుతున్నాను.

"ఉత్తరం చదివాను," అన్నారు.

"సార్."

"పైన విరిగింది. రేపు పొద్దున బిగిస్తాను. కొంచెం ఆలస్యమే అయింది, అయినా చూద్దాం."

"సార్, నేను..."

"ఎన్ని గొర్రెలు?"

"నూట పన్నెండు సార్, పిల్లలతో."

"లెక్క సరిగ్గా పెట్టు. చూడకుండా చెప్పొద్దు," అని పెట్టేశారు.

ఆ రైతుకిచ్చిన మూడు రోజులు, పక్క చేలో ఇంకో మూడు, మొత్తం ఆరు రోజులు ఉన్నాను. ఒక్క పిల్ల కూడా తప్పిపోలేదు. మొగుడు తిరిగొచ్చి, లెక్క చూసుకుని, నాకు సంగటి పెట్టాడు. క్షమించాననలేదు. పెట్టింది మాత్రం రెండు ముద్దలు.

మదనపల్లె వచ్చాక డాక్టరు గారు నన్ను ఏమీ అనలేదు. కార్డులు నా చేతే రాయించారు. కానీ ఏడాది పాటు, నేను రాసిన ప్రతి కార్డు పక్కన పెట్టి, ప్రతి కాలూ తానే మొదటినుంచి నొక్కి చూసేవారు. నా ఎదురుగానే. ఆయన వేళ్ళు అట్లా పైకి పోతుంటే, ఏళ్ళ తరబడి సంపాదించుకున్నది ఒక్క వాక్యంతో ఎట్లా పోతుందో చూస్తూ నిలబడేవాణ్ణి. పిల్లలూ, ఉద్యోగం పోవడం పెద్ద శిక్ష అనుకుంటారు మీరు. నమ్మకం పోయాక అదే గదిలో ఉద్యోగం ఉండడం అంతకన్నా పెద్దది. మా డ్రైవరు కూడా ఆ ఏడాది ఆవు మాట ఎత్తలేదు.

ఆడవాళ్ళ కాళ్ళ విషయంలో ఒక్కటి మారింది. సిస్టరమ్మ పనిలో ఉంటే నేను నా ప్యాంటు పైకి లాగి, నా కాలి మీద చోటు చూపించి, "మీ చేత్తో మీరే నొక్కండమ్మా" అనేవాణ్ణి. మొదట్లో నవ్వేవాళ్ళు. తర్వాత నొక్కేవాళ్ళు. సిస్టరమ్మ చేతులు ఖాళీ కాగానే ఆమె కూడా ఒకసారి నొక్కి చూసేది.

ఆ గొర్లామె కాలు చివరికి ఏమైందో నాకు చాలా రోజులు తెలియదు. స్క్రూ తీయించుకోవడానికి వచ్చినప్పుడు నేను సెలవులో ఉన్నాను. బాగానే ఉంది అని సిస్టరమ్మ చెప్పింది. కానీ మంచం మీద బాగుండడం వేరు, చేలల్లో బాగుండడం వేరు.

రెండేళ్ళు గడిచాయి. ఒక పొద్దు పుంగనూరు నుంచి బస్సులో వస్తున్నాను. మలుపులో గొర్రెల మంద రోడ్డుకు అడ్డం పడింది. బస్సు ఆగింది. డ్రైవరు హారన్ కొడుతున్నాడు, గొర్రెలు వాటి పాటికి అవి పోతున్నాయి. మంద వెనకాల ఆమె. కట్టె లేదు. నేను కిటికీలోంచి సగం బయటికి వంగాను. ముఖం చూడలేదు. పాదం చూశాను. మడమ ముందు పడుతోందా, వేళ్ళు బయటికి తిరుగుతున్నాయా, బరువు రెండు కాళ్ళ మీదా సమంగా ఆనుతోందా. రాళ్ళున్న గట్టు దిగేటప్పుడు మాత్రం ఆ కాలిని ఒక్క క్షణం ఆపి, చూసుకుని పెట్టింది. మట్టి మీద తిన్నగా నడిచింది.

ఆమె తల ఎత్తి నన్ను చూసింది. గుర్తుపట్టింది. రోడ్డంతా వినబడేలాగ అరిచింది:

"ఏమప్పా, ఆడోళ్ళ కాళ్ళు సూసేదానికి బస్సు ఆపించినావా?"

బస్సంతా గొల్లుమంది. కండక్టరు నా భుజం తట్టి, "పెద్దాయనా, ఈ వయసులో ఏందప్పా నీకు!" అన్నాడు. వెనక సీటు ఆమె చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఊగిపోతోంది. నాకు సిగ్గేసింది. అయినా తల లోపలికి తీసుకోలేదు. ఆమె మందను తోలుకుంటూ గట్టు ఎక్కి, అవతలి చేలోకి దిగి, చెట్ల చాటుకు పోయేదాకా చూస్తూనే ఉన్నాను.